కృపచేత, విశ్వాసం ద్వారా: ఒక వాక్యం చుట్టూ నడిచిన వాదం

క్రైస్తవ సంఘాలలో కంఠస్థంగా వినిపించే వాక్యాలలో ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలోని 8, 9 వచనాలు ముందు వరుసలో ఉంటాయి. “మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.” ఈ మాటలను కాదనే ప్రధాన క్రైస్తవ శాఖ ఏదీ లేదు. కథోలికులు, ఆర్థొడాక్స్ సంఘాలవారు, లూథరన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు, పెంతెకొస్తువారు, అందరూ వీటిని దేవుని వాక్యంగానే చదువుతారు. అయినా పదహారవ శతాబ్దంలో పశ్చిమ ఐరోపా సంఘం చీలినప్పుడు ఆ చీలికకు నడిబొడ్డున నిలిచిన ప్రశ్న ఇదే. అందరూ ఒప్పుకునే మాట మీద ఇంత వైరం ఎలా పుట్టిందన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ వివాదాన్ని కృపకూ క్రియలకూ మధ్య పోటీగా చూపించడం మన ప్రసంగాలలోనూ కరపత్రాలలోనూ పరిపాటి. ఒక పక్షం దేవుని దయను నమ్ముకుంది, రెండో పక్షం తన పుణ్యకార్యాలను నమ్ముకుంది అని చెబితే వినడానికి తేలికగానే ఉంటుంది గాని, చరిత్రలో అలాంటి రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడిన సందర్భాలు చాలా తక్కువ. కృప అక్కరలేకుండా సొంత బలంతోనే రక్షణ పొందవచ్చునని ఏ పెద్ద సంఘమూ తన అధికారిక బోధలో చెప్పలేదు. వాదమంతా “విశ్వాసముద్వారా” అన్న మాట చుట్టూ తిరిగింది. దేవుడు ఉచితంగా ఇస్తాడు, సరే. మనిషి దానిని అందుకుంటాడు. ఆ అందుకోవడం ఎవరి పని? అందుకున్న తరువాత అతనిలో ఏం మారుతుంది? ఆ మార్పు అంగీకారానికి కారణమా, ఫలితమా? చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. విశ్వాసాన్ని రక్షణకు చెల్లించే వెలగా ఊహించుకున్న మరుక్షణం అది కూడా ఒక క్రియ అయిపోతుంది, అప్పుడు “దేవుని వరమే” అన్న మాటకు అర్థం లేకుండా పోతుంది. ఈ ప్రమాదాన్ని ఎవరు ఎలా తప్పించుకోవాలని చూశారన్నదే ఈ సిద్ధాంతపు చరిత్రలో పెద్ద భాగం.

ముందుగా రెండు విషయాలు స్పష్టం చేసుకోవాలి. క్రైస్తవ బోధలో కృప అంటే దేవుని మంచి స్వభావం మాత్రమే కాదు. అర్హత లేనివాడి పట్ల, ఇంకా చెప్పాలంటే అపరాధి పట్ల, ఆయన చూపిన దయ. అది యేసు సిలువ మరణంతోనూ పునరుత్థానంతోనూ ముడిపడి ఉంది. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడని రోమా పత్రిక ఐదవ అధ్యాయం చెబుతుంది. ఆ మరణం పాపక్షమాపణను ఎలా సాధించిందన్న ప్రశ్నకు సంఘంలో ఒకటికి మించిన వివరణలు ఉన్నాయి. ఏ ఒక్కదానినీ ప్రాచీన విశ్వాస ప్రమాణాలు ఖరారు చేయలేదు. రెండవది, రక్షణ అన్న మాటను ఈ పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలు మూడు కాలాలలోనూ వాడతాడు. ఎఫెసీ పత్రికలో అది జరిగిపోయిన సంగతి, మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో జరుగుతున్న సంగతి, రోమా ఐదులో ఇక జరగబోయే సంగతి. రక్షణ ఒక్క క్షణంలో ముగిసిపోయే ఘటన అనే వారికీ, జీవితమంతా సాగే ప్రయాణం అనే వారికీ మధ్య జరిగే తగవులలో చాలా వాటికి మూలం ఈ మూడు కాలాలలో ఒక్కదానినే పట్టుకోవడం.

పౌలు ఈ బోధను ఒక తాత్త్విక గ్రంథంలో తీరికగా కూర్చుని రూపొందించలేదు. అది భోజన పంక్తి మీద జరిగిన గొడవలో పదును తేలింది. అంతియొకయ సంఘంలో యూదులూ అన్యజనులూ, అంటే యూదులు కానివారూ, కలిసి కూర్చుని తినేవారు. పేతురు కూడా అలాగే తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫువారు కొందరు వచ్చేసరికి సున్నతి పొందినవారికి భయపడి అతడు పంక్తి నుంచి వెనక్కి తగ్గాడు. అందరి ఎదుటా పౌలు అతనిని నిలదీశాడు. ఈ సంగతిని గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో అతడే చెప్పుకున్నాడు, ఆ వెంటనే మనిషి ధర్మశాస్త్ర క్రియల వల్ల కాక యేసుక్రీస్తునందలి విశ్వాసం వల్లనే నీతిమంతుడిగా తీర్చబడతాడన్న, అంటే దేవుని అంగీకారం పొందుతాడన్న, వాక్యం వస్తుంది. మోషే నియమించిన ఆచారం ప్రకారం సున్నతి పొందనివారు రక్షణ పొందలేరని కొందరు బోధించగా, ఆ ప్రశ్నను యెరూషలేములో పెద్దలు కూడి తేల్చవలసి వచ్చింది. సుమారు 49వ సంవత్సరంలో జరిగిందని భావించే ఆ సమావేశాన్ని అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయం వివరిస్తుంది. ఎవరు ఎవరితో కలిసి తినవచ్చు, ఎవరు ఏ గుర్తు లేకుండానే దేవుని ప్రజలలో చేరవచ్చు అన్నది అక్కడి అసలు సమస్య. పంక్తిభేదం అంటే ఏమిటో ప్రత్యేకంగా చెప్పనక్కరలేని తెలుగు పాఠకుడికి ఈ ఘట్టం ఐరోపా వ్యాఖ్యాతలకంటే సులువుగానే అర్థం కావాలి.

ఈ నేపథ్యాన్ని మరచిపోయి, పౌలు కాలం నాటి యూదులందరూ పుణ్యం కూడబెట్టి దేవుని దగ్గర రక్షణ కొనుక్కోవాలని చూశారని చెప్పడం చాలా కాలం సాగింది. ఆ చిత్రణ యూదు మతానికి అన్యాయం చేస్తుంది. బైబిలు పండితుడు ఇ. పి. సాండర్స్ 1977లో ప్రచురించిన అధ్యయనం నాటి యూదు గ్రంథాలను పరిశీలించి, వారి దృష్టిలో కూడా దేవునితో నిబంధనలోకి (ఒడంబడికలోకి) ప్రవేశం ఆయన ఎన్నిక వల్ల, ఆయన దయ వల్లనే కలుగుతుందనీ, ధర్మశాస్త్రాన్ని పాటించడం ఆ నిబంధనలో నిలిచి ఉండే విధానమనీ వాదించింది. ఆ దారిలోనే జేమ్స్ డన్ వంటివారు, పౌలు తిరస్కరించిన ధర్మశాస్త్ర క్రియలలో ముఖ్యమైనవి సున్నతి, ఆహార నియమాలు, విశ్రాంతి దినం వంటి సరిహద్దు గుర్తులని చెప్పారు. దీనిని ఒప్పుకోని పండితులు తక్కువేమీ కాదు. రోమా నాలుగవ అధ్యాయంలో పౌలు పనిచేసేవాడి జీతాన్ని గురించి మాట్లాడుతున్నాడు, జీతం ఋణమే గాని దానం కాదంటున్నాడు. అది కేవలం జాతి గుర్తుల సంగతి ఎలా అవుతుందని వారు అడుగుతారు. నాకు ఈ రెండూ ఒకదానినొకటి రద్దు చేసే వ్యాఖ్యానాలుగా కనిపించవు. సున్నతి గుర్తును చూపి అతిశయించేవాడూ, తన నైతిక జీవితాన్ని చూపి అతిశయించేవాడూ దేవుని ఎదుట చేస్తున్న పని ఒక్కటే.

యాకోబు పత్రికతో వచ్చే చిక్కు మరింత కఠినమైనది. మనుష్యుడు విశ్వాసం వల్ల మాత్రమే గాక క్రియల వల్ల కూడా నీతిమంతుడని ఎంచబడతాడని ఆ పత్రిక రెండవ అధ్యాయం సూటిగా చెబుతుంది. పైగా పౌలు తీసుకున్న ఉదాహరణనే, యూదుల మూలపురుషుడు అబ్రాహామునే తీసుకుంటుంది. అయితే ఇద్దరూ అబ్రాహాము జీవితంలో వేర్వేరు ఘట్టాలను చూస్తున్నారు. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట ఆదికాండం పదిహేనవ అధ్యాయంలో ఉంది. అతడు సున్నతి పొందింది పదిహేడవ అధ్యాయంలో, 99 ఏళ్ల వయసులో. మధ్యలో ఇష్మాయేలు పుట్టేనాటికి అతనికి 86 ఏళ్లు. కాబట్టి నీతిమంతుడని ఎంచబడిన కనీసం 13 ఏళ్ల తరువాతనే అతనికి సున్నతి జరిగింది. రోమా నాలుగులో పౌలు వాదనంతా ఈ కాలక్రమం మీదనే నిలబడింది: సున్నతి లేని అన్యుడిగా ఉండగానే దేవుడు అతనిని అంగీకరించాడు, కనుక అతడు సున్నతి లేనివారికి కూడా తండ్రి. యాకోబు చూపించేది ఇరవై రెండవ అధ్యాయంలో, కొడుకు ఇస్సాకును బలి ఇవ్వడానికి అతడు సిద్ధపడిన సంఘటన. అప్పటికి నమ్మకం కుదిరి చాలా ఏళ్లయింది. అది నిజమైనదో కాదో తేలవలసిన ఘట్టం అది.

అంతకంటే ముఖ్యంగా, ఇద్దరూ విశ్వాసం అంటున్నది ఒకే దానిని కాదు. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని యాకోబు అంటాడు. అంటే అతడు ఎత్తిపొడుస్తున్న విశ్వాసం ఒక సంగతి నిజమని ఒప్పుకోవడం మాత్రమే. అన్నవస్త్రాలు లేని సహోదరుడితో వెచ్చగా ఉండుము, తృప్తిగా తినుము అని చెప్పి ఏమీ ఇవ్వకుండా పంపేవాడి విశ్వాసం అది. పౌలు చెప్పే విశ్వాసం తనను తాను అప్పగించుకునే నమ్మకం; గలతీ ఐదవ అధ్యాయంలో అతడే దానిని ప్రేమ వల్ల పనిచేసే విశ్వాసం అన్నాడు. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే పదహారవ శతాబ్దపు తగవు కూడా సగం విడిపోతుంది.

అక్కడికి వెళ్లేముందు ఐదవ శతాబ్దంలో ఒక మజిలీ ఉంది. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాగియస్ అనే సన్యాసికి, క్రైస్తవులమని చెప్పుకుంటూ యథేచ్ఛగా బతుకుతున్న జనం కంటగింపుగా ఉండేవారు. దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దానిని పాటించగల శక్తిని కూడా మనిషి స్వభావంలో పెట్టే ఇచ్చాడు, పాటించకపోవడం మన సోమరితనం అని అతడు బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్ తన ఆత్మకథలో, నీవు ఆజ్ఞాపించేదాన్ని నీవే అనుగ్రహించు, తరువాత నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు అనే అర్థంలో ప్రార్థించిన మాట అతనికి నచ్చలేదు. మనిషి సంకల్పమే గాయపడి ఉందనీ, మంచిని కోరుకోవడానికి కూడా కృప ముందుగా రావాలనీ అగస్టీన్ వాదించాడు. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను ఖండించింది. ఆ తరువాత కొందరు రాజీమార్గం వెతికారు: మొదటి అడుగు మనిషిది, మిగిలినది దేవునిది అన్నారు. 529లో ఆరెంజ్ సభ దానినీ తిరస్కరించి, విశ్వాసపు తొలి కదలిక కూడా కృప పనేనని చెప్పింది. అదే సభ, కొందరిని దేవుడే చెడుకు నియమించాడనడాన్ని కూడా గట్టిగా ఖండించింది. కథోలిక సంఘం క్రియల చేత రక్షణను బోధిస్తుందని తేల్చిచెప్పేవారు ఈ ఆరెంజ్ తీర్మానాలు ఆ సంఘపు వారసత్వంలోనివేనని గుర్తుంచుకుంటే మంచిది. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు మాత్రం ఈ లెక్కలోకి దిగలేదు. దేవుని జీవంలో మనిషి పాలుపంచుకోవడమే రక్షణ అనీ, అందులో కృపా మానవ సంకల్పమూ కలిసి పనిచేస్తాయనీ వారు చెబుతారు. ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నే వారికి వింతగా తోస్తుంది.

1517 అక్టోబరు 31 నాటి విట్టెన్‌బర్గ్ ఘట్టం అందరికీ తెలిసినదే. పాపానికి విధించిన తాత్కాలిక శిక్షను తగ్గించే పరిహార పత్రాలను డబ్బుకు అమ్ముతున్న తీరును ప్రశ్నిస్తూ మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు ప్రకటించాడు. కాని పత్రాల అమ్మకం కన్నా లోతైన ప్రశ్న అతనిని అప్పటికే వేధిస్తోంది. కఠిన నియమాలు పాటించిన సన్యాసిగా ఎంత పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) చేసినా, తనను దేవుడు అంగీకరించాడని అతనికి నమ్మకం కుదరలేదు. చివరకు అతడు చేరిన తీర్మానం ఇది: దేవుడు మనిషిని నీతిమంతుడిగా తీర్చడానికి ఆధారం మనిషిలో పుట్టే నీతి కాదు, అతని బయట ఉన్న క్రీస్తు నీతి. విశ్వాసం ఆ క్రీస్తును పట్టుకుంటుంది, కాబట్టి దేవుడు ఆ నీతిని విశ్వాసి ఖాతాలో వేస్తాడు. విశ్వాసి తనలో చూసుకుంటే పాపి, క్రీస్తులో చూసుకుంటే నీతిమంతుడు, రెండూ ఏకకాలంలోనే. మంచి పనులు తప్పక వస్తాయి గాని, ఈ తీర్పుకు అవి ఆధారం కావు.

దీనికి కథోలిక సంఘం ఇచ్చిన జవాబు ట్రెంట్ మహాసభ ఆరవ సమావేశంలో, 1547 జనవరి 13న, 16 అధ్యాయాలూ 33 ఖండనలూ గల తీర్మానంగా వెలువడింది. చాలామంది దానిని చదవకుండానే విమర్శిస్తారు. అందులో మొట్టమొదటి ఖండన, క్రీస్తు కృప లేకుండా తన క్రియలతోనే మనిషి నీతిమంతుడు కాగలడన్నవారి మీద ఎక్కుపెట్టినది. ఎనిమిదవ అధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేసి, నీతిమంతుడిగా తీర్చబడటానికి ముందు ఉండేవేవీ, విశ్వాసమైనా సరే క్రియలైనా సరే, ఆ కృపను సంపాదించిపెట్టవని చెబుతుంది. మరి తేడా ఎక్కడ? దేవుడు నీతిమంతుడని పిలవడమే కాక నిజంగా నీతిమంతుడిగా మారుస్తాడు, ఆ నీతి బాప్తిస్మంలో మనిషి లోపల నింపబడుతుంది, అది ప్రేమతో చేసే క్రియల వల్ల పెరుగుతుంది, చావైన పాపం వల్ల పోతుంది, పాపసంకీర్తన సంస్కారంలో తిరిగి లభిస్తుంది అని ట్రెంట్ బోధ. లూథర్ పక్షం తీర్పు వేరు, మార్పు వేరు అంటుంది. మొదటిదానికి నీతిమంతుడిగా తీర్చబడటం అనీ రెండవదానికి పరిశుద్ధపరచబడటం అనీ పేర్లు పెట్టి, రెండూ విడిపోవు గాని కలిసిపోకూడదంటుంది. ట్రెంట్ ఆ రెంటినీ ఒకే ప్రక్రియగా చూస్తుంది.

విశ్వాసం మాత్రమే చాలదు అని ట్రెంట్ చెప్పినప్పుడు దాని మనసులో ఉన్నది ప్రధానంగా సత్యాన్ని అంగీకరించే విశ్వాసం, అంటే యాకోబు ఎత్తిపొడిచిన దానికి దగ్గరగా ఉండేది. విశ్వాసం మాత్రమే చాలు అని లూథర్ చెప్పినప్పుడు అతని మనసులో ఉన్నది క్రీస్తును గట్టిగా పట్టుకునే నమ్మకం. ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్పుకుంటూ ఒకరినొకరు శపించుకున్న సందర్భాలు ఇందులో కొన్ని ఉన్నాయి. ట్రెంట్‌కు ముందే, 1541లో రెగెన్స్‌బర్గ్‌లో జరిగిన చర్చలో కథోలిక, ప్రొటెస్టంట్ వేదాంతులు ఈ అంశం మీద ఒక ఉమ్మడి పాఠానికి ఒప్పుకోగలిగారు కూడా. కొంటరీని అనే కార్డినల్ ఆ ఒప్పందానికి అండగా నిలిచాడు. కాని సంస్కారాల (ప్రభు భోజనం వంటి పవిత్ర ఆచారాల) విషయంలో చర్చలు విఫలమయ్యాయి, ఉమ్మడి పాఠాన్ని ఇటు రోమూ అటు లూథరూ ఇద్దరూ తిరస్కరించారు. అయితే తగవంతా మాటల తికమకే అనుకోవడం కూడా పొరపాటే. మరణశయ్య మీద ఉన్న మనిషి దేని మీద ఆధారపడాలి, తనలో దేవుడు పుట్టించిన నీతి మీదనా, తన బయట ఉన్న క్రీస్తు నీతి మీదనా అన్నది నిజమైన భేదం. తనకు రక్షణ కలిగిందని విశ్వాసి నిశ్చయంగా ఉండవచ్చునా అన్న ప్రశ్నకు ఇరుపక్షాలు ఇచ్చిన జవాబులు వేరుపడింది అక్కడే.

నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్యా కథోలిక సంఘమూ ఈ సిద్ధాంతం మీద ఒక సంయుక్త ప్రకటనపై సంతకాలు చేశాయి. మనలోని ఏ అర్హత వల్లా కాక, కృప వల్ల మాత్రమే, క్రీస్తు రక్షణ కార్యంపై విశ్వాసంతో దేవుని చేత అంగీకరించబడుతున్నామనీ, మన హృదయాలను నూతనపరచే ఆత్మను పొంది సత్‌క్రియలకు పిలువబడుతున్నామనీ ఇరువురూ కలిసి ఒప్పుకున్నారు. ఆ ప్రకటనలో వివరించిన మేరకు పదహారవ శతాబ్దపు పరస్పర ఖండనలు ఇప్పుడు వర్తించవని చెప్పారు. ప్రపంచ మెథడిస్టు మండలి 2006లోనూ, రిఫార్మ్‌డ్ (సంస్కరణ) సంఘాల ప్రపంచ కూటమి 2017లోనూ ఇందులో చేరాయి. జర్మనీలో వందమందికి పైగా ప్రొటెస్టంట్ వేదాంత ఆచార్యులు దీనిని వ్యతిరేకించారన్నది కూడా చెప్పాలి. తేడాలను పూడ్చకుండా పైన గుడ్డ కప్పారన్నది వారి ఆరోపణ. 1842లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ సేవతో మొదలై, 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ ప్రపంచ సమాఖ్యలో సభ్యురాలు. అదే గుంటూరు ఒక కథోలిక మేత్రాసన (బిషప్ పాలించే ప్రాంతం) కేంద్రం కూడా. ఆగ్స్‌బర్గ్ సంతకాలు అలా ఒకే పట్టణంలో పక్కపక్కన ఉన్న రెండు గుడుల వారికి సంబంధించినవే. అయినా మన ప్రసంగ వేదికల మీద ఆ ప్రకటన ఊసు దాదాపు వినపడదు, పాత ఆరోపణలు మాత్రం యథాతథంగా సాగుతున్నాయి.

విశ్వాసం కూడా దేవుని వరమేనా అన్న ప్రశ్న ప్రొటెస్టంట్ల మధ్యనే మరో చీలిక తెచ్చింది. డచ్చి వేదాంతి అర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అంశాలు ప్రకటించి, కృపను మనిషి తిరస్కరించగలడన్నారు. 1618, 1619లలో జరిగిన డోర్ట్ సభ దానిని ఖండించి, దేవుడు ఎన్నుకున్నవారిలో కృప తప్పక పనిచేసి విశ్వాసాన్ని పుట్టిస్తుందని తీర్మానించింది. పద్దెనిమిదవ శతాబ్దంలో జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ అనే ఇద్దరు మిత్రులు ఇదే ప్రశ్న మీద బహిరంగంగా తగవులాడుకున్నారు. వెస్లీ చెప్పిన పరిష్కారం గమనించదగ్గది: ప్రతి మనిషికీ ముందుగానే అందే ఒక కృప ఉంది, అదే చెయ్యి చాపే శక్తిని ఇస్తుంది, అయినా చాపకుండా ఉండే స్వేచ్ఛ మనిషికి మిగిలే ఉంటుంది.

తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై సంప్రదాయాలు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అనే రెండు పేర్లతో దాదాపు ఇదే చర్చ నడిపాయి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని మోస్తుంది. వెస్లీని మొదటి వైపుకూ, డోర్ట్ సభను రెండవ వైపుకూ చేర్చాలనిపిస్తుంది. పోలిక కొంతవరకే సాగుతుంది. శరణాగతి తత్త్వంలో జన్మపరంపర, కర్మ, భగవంతుని నిత్యకరుణ నేపథ్యంగా ఉంటాయి. క్రైస్తవ బోధలో కృప పొంతి పిలాతు అధికారిగా ఉన్న కాలంలో ఒకే ఒక్కసారి జరిగిన ఒక మరణానికి కట్టుబడి ఉంటుంది. కాని కోతిపిల్లను గురించి కూడా ఒక మాట చెప్పవచ్చు. అది పట్టు బిగించిందని తల్లి నడకకు దానిని ఎవరూ మెచ్చుకోరు.

విశ్వాసం వెల కాదన్నది ఇక్కడే స్పష్టమవుతుంది. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, విశ్వాసం వల్లనే నీతిమంతుడినని ఎందుకు అంటున్నావు అని అడిగి, నా విశ్వాసపు యోగ్యత వల్ల దేవునికి అంగీకృతుడిని కావడం లేదు అని జవాబు చెప్పిస్తుంది. విశ్వాసం విలువ దానిలో లేదు, అది పట్టుకున్నవానిలో ఉంది. మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయంలో, దయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రి నమ్ముతున్నానంటూనే నా అపనమ్మకానికి సహాయం చేయమని కేకవేస్తాడు. యేసు అతని నమ్మకాన్ని తూకం వేసి, చాలలేదని పంపలేదు, కొడుకును స్వస్థపరిచాడు. ఈ కథను చదివే సంఘాలలోనే, ప్రార్థించినా జబ్బు నయం కాని మనిషికి నీ విశ్వాసం చాలలేదని చెప్పడం, విత్తనం కానుక వేస్తే ఆశీర్వాదం పండుతుందని చెప్పడం నేడు సాధారణమైపోయింది. అవి రెండూ విశ్వాసాన్ని నాణెంగా మార్చేస్తాయి. పరిహార పత్రాల అమ్మకాన్ని తిట్టే నోటితోనే ఈ మాటలు చెప్పడం వింత.

ఒంగోలు చరిత్రలో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు తొలిరోజులలో అగ్రవర్ణాలవారూ వచ్చేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే తాము దూరమవుతామన్నారు. జ్ఞానులూ ఘనులూ అనేకులు పిలువబడలేదన్న మొదటి కొరింథీ పత్రిక మాటలను చదివి క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు. ఏ శరీరియు దేవుని ఎదుట అతిశయించకుండునట్లు అన్నది అక్కడి మాట. ఎఫెసీ పత్రికలోని మాటకు జంట. 1876 నుంచి 1878 వరకు సాగిన కరువులో అతడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు, ఆ పనులు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని అతని జాగ్రత్త. పనులు ఆగాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మం జరిగింది. క్లౌ జాగ్రత్త వివేకంతో కూడినదే, నేను దానిని తప్పుపట్టను. అయినా ఆకలితో వచ్చినవాడి నమ్మకం తక్కువదనీ, కడుపు నిండినవాడి నమ్మకం స్వచ్ఛమైనదనీ నిర్ణయించే హక్కు ఎవరికుంది? సువార్తలలో యేసు దగ్గరకు వచ్చినవారిలో చాలామంది రోగాలతోనూ ఆకలితోనూ వచ్చినవారే.

క్రియల వల్ల కాదంటే ఎలా బతికినా ఫరవాలేదా అన్న ఆక్షేపణ ఈ సిద్ధాంతమంత పాతది. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని రోమా ఆరవ అధ్యాయం మొదట్లోనే పౌలు దానిని ఎత్తి, అట్లనరాదు అంటాడు. క్రీస్తు మరణంలో పాలుపొందినవాడు పాత జీవితానికి చచ్చినవాడు, అందుకని ప్రశ్నే పొసగదన్నది అతని జవాబు. ఎఫెసీ పత్రికను కూడా తొమ్మిదవ వచనం దగ్గర ఆపేసి చదవడం మన అలవాటు. పదవ వచనం, దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామంటుంది. నాజీల కాలంలో జర్మన్ లూథరన్ సంఘం చాలావరకు మౌనంగా ఉన్నప్పుడు, 1937లో డీట్రిక్ బోన్‌హోఫర్ చవక కృప అన్న మాటతో చేసిన విమర్శ సొంత ఇంటి మీద చేసినది. పశ్చాత్తాపం కోరని క్షమాపణ, శిష్యత్వం కోరని కృప అతనికి సంఘపు ప్రాణశత్రువులుగా కనిపించాయి. అతడు లూథర్‌ను వదిలిపెట్టలేదు; లూథర్ పేరు చెప్పుకుని నిద్రపోతున్నవారిని లేపాడు.

ఇంత చెప్పుకున్నాక కూడా లేఖనాలలోని రెండు దృశ్యాలు పక్కపక్కన నిలబడే ఉంటాయి. లూకా ఇరవై మూడవ అధ్యాయంలో సిలువ మీది దొంగ బాప్తిస్మం పొందలేదు, దొంగిలించినది తిరిగి ఇవ్వలేదు, ఒక్క మంచి పని చేయడానికి అతనికి వ్యవధి లేదు. తనను జ్ఞాపకం చేసుకోమని మాత్రం అడిగాడు, నేడే పరదైసులో ఉంటావన్న జవాబు విన్నాడు. మత్తయి ఇరవై ఐదవ అధ్యాయంలోని తీర్పు దృశ్యంలో విశ్వాసం అన్న మాటే రాదు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా, చెరసాలలో ఉన్నవారిని చూడవచ్చారా అన్నదే లెక్క. పౌలు కూడా రోమా రెండవ అధ్యాయంలో దేవుడు ప్రతివానికీ వాని వాని క్రియల చొప్పున ప్రతిఫలమిస్తాడంటాడు. క్రియలు తీర్పుకు ఆధారం కావు, సాక్ష్యం మాత్రమే అని ప్రొటెస్టంట్ సంప్రదాయం వీటిని పొసగిస్తుంది. కృపతో చేసిన క్రియలకు దేవుడు తన వరాలకే కిరీటం పెడతాడని అగస్టీన్‌ను అనుసరించి కథోలిక సంప్రదాయం చెబుతుంది. మత్తయి దృశ్యంలో ఇంకో వివరం ఉంది. కుడివైపున నిలబడినవారు తాము చేసినదానిని ముందుకు తెచ్చి చూపరు, ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగొనుట చూచితిమి అని ఆశ్చర్యపడి అడుగుతారు. లెక్క రాసుకున్నవారికి ఆ ప్రశ్న పుట్టదు.